ఆట ఆగాక 60 ఏళ్లు!

తెల్లవారుజామున 5 గంటలకు తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ స్టేడియానికో, చిత్తూరులో మెసానికల్ మైదానానికో వెళ్లి చూడండి. చలికాలమైనా, ఎండాకాలమైనా అక్కడ పరిగెత్తేవాళ్లు ఉంటారు. కొందరు కానిస్టేబుల్ పరుగు కోసం, కొందరు ఆర్మీ ర్యాలీ కోసం, మరికొందరు స్పోర్ట్స్ కోటా ట్రయల్స్ కోసం వస్తారు. బూట్ల లేసులు కట్టుకుంటూ మాట్లాడుకునే మాటలు కూడా ఇంచుమించు ఒకటే. ‘నోటిఫికేషన్ ఎప్పుడు పడతాదన్నా?’ ‘మన యూనివర్సిటీ సర్టిఫికెట్ చెల్లుతాదా?’

ఇవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ వీటి పక్కన ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. మోకాలు దెబ్బతిని, జబ్బు చేసి, లేదంటే వయసు దాటి రేపు ఆట ఆగిపోతే నా చేతిలో ఏం ఉంటుంది? క్రీడాకారులు చనిపోయినప్పుడు పత్రికల్లో వచ్చే నివాళులను మీరు చదివే ఉంటారు. ఎన్ని గోల్స్ కొట్టారు, ఎన్ని పతకాలు తెచ్చారు అన్నది వాటిలో ఉంటుంది. ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు ఆ నివాళులను కాస్త వేరేగా చదవాలి. ఆట ముగిసిన రోజుకూ, ప్రాణం పోయిన రోజుకూ మధ్య ఆ మనిషి ఎలా బతికాడో వెతకాలి. మన దగ్గరి ఉదాహరణతోనే మొదలుపెడదాం.

27 ఏళ్లకే ముగిసిన కెరియర్

తులసీదాస్ బలరామ్ 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 86. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన ఈ ఫుట్‌బాలర్ పేరు మీలో చాలామంది విని ఉండకపోవచ్చు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఇప్పటికీ అదే అత్యుత్తమ ఫలితం. ఆ జట్టులో బలరామ్ ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆడారు. అదే ఏడాది అర్జున అవార్డు అందుకున్నారు. పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్.. ఆ ముగ్గురినీ భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులు అనేవారు.

ఆయనది పేద ఇల్లు. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టే అతనికిచ్చి ఆటకు పనికొచ్చేలా చేయించుకున్నారని ఆయన గురించి చెబుతారు. అక్కడి నుంచి హైదరాబాద్ జట్టుకు, ఆ తర్వాత కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు చేరారు. కెరియర్ మంచి ఊపు మీదున్నప్పుడు ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. 1963లో, 27 ఏళ్లు దాటకముందే ఆట మానుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. పెద్ద స్థాయిలో ఆయన ఆడింది దాదాపు తొమ్మిదేళ్లు. ఆట మానేశాక బతికింది 60 ఏళ్లు. ఆ 60 ఏళ్లను నిలబెట్టింది గోల్స్ కావు. చివర్లో చేరిన రైల్వే జట్టు బీఎన్‌ఆర్, అక్కడ చేసిన కోచింగ్, కుర్రాళ్లను తయారుచేసే పని, జాతీయ సెలెక్టర్ బాధ్యత ఆయన్ను ఆటకు దగ్గరగా ఉంచాయి. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఒంటరిగా బతికారు. మిగతా ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఆయనకు రాలేదు. తగిన గుర్తింపు దక్కలేదన్న బాధను ఆయన దాచుకోనూ లేదు.

పేరు తెచ్చిన ఆట జీవితాంతం గౌరవం కూడా తెస్తుందన్న హామీ ఎక్కడా లేదని ఈ జీవితం చూస్తే అర్థమవుతుంది. ఆట ఇచ్చిన అవకాశాన్ని రెండో పనిగా మార్చుకున్నప్పుడే రోజు గడుస్తుంది. బలరామ్ ఆ పని చేయగలిగారు. ఆ పని ఎలా చేయాలో ఆయన కంటే ముందే చూపించిన మనిషి హైదరాబాద్‌లోనే ఉండేవారు.

టీచర్ ఉద్యోగం వదలని కోచ్

బలరామ్‌ను వెతికి పట్టుకున్న కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో హిందీ సినిమా ‘మైదాన్’ చూసినవాళ్లకు ఈ పేరు తెలుసు. ఆయన వృత్తిరీత్యా బడి పంతులు. ఆ చదువు, ఆ పాఠం చెప్పే పద్ధతే మైదానంలోకి తెచ్చారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకు కోచ్‌గా 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు తెచ్చిపెట్టారు. జకార్తా ఫైనల్ జరిగింది 1962 సెప్టెంబరు 4న. అప్పటికే ఆయనకు కేన్సర్. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న చనిపోయారు.

ఆయన తర్వాత భారత ఫుట్‌బాల్‌కు ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం రాలేదు. ఒక మనిషి మీద అంతగా ఆధారపడిన వ్యవస్థ ఆ మనిషి పోగానే ఎలా కుంగిపోతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఇందులో ఉద్యోగాల కోణం కూడా ఉంది. అప్పట్లో సిటీ పోలీస్ జట్టు అంటే ఆటగాడికి ఆట, జీతం రెండూ. పోలీసు, రైల్వే, ఆర్మీ వంటి శాఖల జట్లే కుర్రాళ్లకు దారి చూపించేవి. మీరు ఈరోజు ‘స్పోర్ట్స్ కోటా’ అని పిలిచే దానికి పునాది అక్కడే ఉంది.

అంతకుముందు తరం చూసినా ఇదే కనిపిస్తుంది. భారత క్రికెట్ జట్టు తొలి టెస్టు కెప్టెన్ సి.కె.నాయుడు నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆయనకు ఇందోర్ హోల్కర్ మహారాజు కొలువిచ్చారు. ‘కల్నల్’ అన్న హోదా ఆ కొలువులోంచి వచ్చిందే. 1967 నవంబరు 14న ఆయన చనిపోయారు. ఇప్పుడు అండర్-23 క్రికెటర్లు ఆడే కల్నల్ సి.కె.నాయుడు ట్రోఫీ ఆయన పేరు మీదిదే. ఏటా కొన్ని వందల మంది కుర్రాళ్లు రంజీ జట్టు తలుపు తట్టేది ఆ టోర్నీ ద్వారానే.

రహీం గారి కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కథ మీకు ఇంకా బాగా ఉపయోగపడుతుంది. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టుకు ఎంపికయ్యారు. కానీ అక్కడ మైదానంలోకి దిగే అవకాశం రాలేదు. బెంచీ మీదే కూర్చుని వచ్చిన ఆటగాడి గురించి మనం సాధారణంగా ఏమనుకుంటాం? ‘పాపం, అంతే’ అనుకుంటాం. హకీం అంతటితో ఆగలేదు. వాయుసేనలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు. అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో జాతీయ జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేశారు. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాలో ప్రాంతీయ డైరెక్టర్ బాధ్యత చూశారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021 ఆగస్టు 22న చనిపోయేనాటికి ఆటగాడు, అధికారి, రిఫరీ, కోచ్, పాలనాధికారి.. ఇన్ని పనులు ఒకే ఆట చుట్టూ చేశారు. ఒలింపిక్స్‌లో ఒక్క నిమిషం కూడా ఆడకుండానే!

ప్రాణం పోయాక వచ్చే నిబంధన

ఇప్పటిదాకా చెప్పుకొన్నవాళ్లు ఆట మానేశాక చాలా ఏళ్లకో, జబ్బుతోనో పోయారు. ఆడుతూనే ప్రాణం పోయినవాళ్ల సంగతి వేరు. దీన్ని బాగా చూపించే ఆట ఐస్ హాకీ. మన తిరుపతి ఎండలో మంచు మీద ఆట అంటే నవ్వొస్తుంది కానీ, అక్కడ జరిగిన మార్పులు ప్రతి ఆటకూ పాఠమే.

1968 జనవరి 13న అమెరికాలో బిల్ మాస్టర్టన్ అనే 29 ఏళ్ల ఆటగాడు మ్యాచ్ మధ్యలో వెనక్కి పడి తల మంచుకు కొట్టుకుంది. రెండు రోజులకు చనిపోయాడు. తలకు హెల్మెట్ లేదు. ఆ రోజుల్లో హెల్మెట్ పెట్టుకుంటే పిరికివాడని వెక్కిరించేవారు. మాస్టర్టన్ అంతకుముందు ప్రొఫెషనల్ ఆట వదిలేసి, పెద్ద చదువు పూర్తి చేసి, హనీవెల్ కంపెనీలో ఉద్యోగం కూడా చేశాడు. లీగ్‌లోకి కొత్త జట్లు రావడంతో కల నెరవేర్చుకుందామని తిరిగొచ్చాడు. పట్టుదలకు గుర్తుగా అదే ఏడాది ఆయన పేరుతో ట్రోఫీ పెట్టారు. ట్రోఫీ వెంటనే వచ్చింది. కొత్తగా లీగ్‌లోకి వచ్చే ఆటగాళ్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది మాత్రం 1979లో. మధ్యలో 11 ఏళ్లు గడిచిపోయాయి.

2023 అక్టోబరు 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మ్యాచ్ జరుగుతుండగా ఎదుటి ఆటగాడి స్కేట్ బ్లేడు మెడకు తగిలి ఆడమ్ జాన్సన్ చనిపోయాడు. ఆయనకూ 29 ఏళ్లే. ఈసారి అంత ఆలస్యం కాలేదు. కొన్ని వారాల్లోనే అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన టోర్నీల్లో మెడ రక్షణ కవచం తప్పనిసరి చేస్తూ నిర్ణయం తీసుకుంది.

క్రికెట్‌లో ఫిలిప్ హ్యూస్ మీకు గుర్తుండే ఉంటాడు. 2014 నవంబరు 25న సిడ్నీలో బౌన్సర్ మెడకు తగిలింది. రెండు రోజులకు చనిపోయాడు, 26వ పుట్టినరోజుకు ముందు. తలకు దెబ్బ తగిలిన ఆటగాడి స్థానంలో మరొకర్ని దించే కంకషన్ సబ్‌స్టిట్యూట్ నిబంధనను ఐసీసీ 2019 ఆగస్టు నుంచి అమలు చేసింది. ఇప్పుడు మీరు టీవీలో చూసే ఆ నిబంధన వెనక అలాంటి దెబ్బలున్నాయి.

మైదానం బయట జరిగింది ఇంకొకటి. 2024 ఆగస్టు 29న అమెరికాలోని న్యూజెర్సీలో ఐస్ హాకీ స్టార్ జానీ గాడ్రో, తమ్ముడు మాథ్యూతో కలిసి సైకిల్ మీద వెళ్తుంటే వెనక నుంచి వచ్చిన వాహనం ఢీకొంది. ఇద్దరూ చనిపోయారు. మర్నాడే వాళ్ల సోదరి పెళ్లి. డ్రైవర్ మద్యం తాగి ఉన్నాడన్నది పోలీసుల అభియోగం. జానీ వయసు 31. కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఉన్న ఆటగాడైనా రోడ్డు మీద అందరిలాంటి మనిషే. తెల్లవారకముందే హైవే అంచున పరిగెత్తే మన కుర్రాళ్లు ఈ ఒక్క సంగతైనా గుర్తుపెట్టుకోవాలి.

మన పరుగు పందెంలోనూ..

‘వాళ్లు ప్రొఫెషనల్ ప్లేయర్లు, మనం ఉద్యోగం కోసం పరిగెత్తేవాళ్లం కదా’ అనుకోవద్దు. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాలకు దేహదారుఢ్య పరీక్షలు పెట్టారు. పురుషులు గంటలో 10 కిలోమీటర్లు పరిగెత్తాలి. ఆ పరీక్షల్లో పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. మన రాష్ట్రంలోనూ గత కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షల సమయంలో మచిలీపట్నంలో 1600 మీటర్ల పరుగు తర్వాత ఒక అభ్యర్థి కుప్పకూలి ప్రాణాలు కోల్పోయాడు. వాళ్ల పేరు మీద ట్రోఫీలు ఉండవు. ఇంట్లో మాత్రం ఆ ఖాళీ జీవితాంతం ఉంటుంది.

1600 మీటర్లను 8 నిమిషాల్లో పూర్తిచేయడం ఆరోగ్యంగా ఉన్న యువకుడికి అసాధ్యమేమీ కాదు. చిక్కు వచ్చేది తయారీలో. ఏడాదంతా గదిలో కూర్చుని ప్రిలిమ్స్‌కు చదివి, ఫలితాలు రాగానే నెలరోజుల్లో శరీరాన్ని సిద్ధం చేయాలనుకుంటారు. జ్వరం ఉన్నా దిగుతారు. ‘ఈ అవకాశం పోతే మళ్లీ ఎప్పుడో’ అన్న భయం ఒకవైపు, ఎవరో చెప్పిన ఎనర్జీ డ్రింకులు, నొప్పి మాత్రలు మరోవైపు.

పరుగులో ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె విపరీతంగా దడదడలాడటం వంటివి ఒక్కసారి కనిపించినా ఆగిపోండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే ఆ విషయం డాక్టరుకు చెప్పండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. ఓసారి ఈసీజీ తీయించుకుని, డాక్టరు సరేనన్నాకే గట్టి సాధన మొదలుపెట్టడం పిరికితనం కాదు. ఒకప్పుడు హెల్మెట్‌ను కూడా పిరికితనమే అన్నారు!

కోటాలో ఏముంది, ఏం లేదు?

ఇప్పుడు అసలు ఉద్యోగాల సంగతికి వద్దాం. క్రీడాకారులకు ఇది మంచి సమయమే. ఆంధ్రప్రదేశ్ కొత్త క్రీడా విధానం (2024-29)లో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడల రిజర్వేషన్‌ను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. 2025 మెగా డీఎస్సీలో 421 టీచర్ పోస్టులను ఈ కోటా కింద, రాతపరీక్ష లేకుండా క్రీడా ప్రతిభ ఆధారంగా నింపేందుకు నోటిఫికేషన్ ఇచ్చారు. రైల్వే జోన్లు విడివిడిగా స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లు ఇస్తుంటాయి.

అయితే రైల్వే ఎంపికను కాస్త లోతుగా చూడండి. సాధారణంగా ట్రయల్స్‌కు 40 మార్కులు, క్రీడా విజయాలకు 50, విద్యార్హతకు 10. వయసు 18 నుంచి 25 మధ్యే ఉండాలి, ఏ కేటగిరీకీ సడలింపు ఉండదు. అంటే ఇంటర్‌లో మొదలైన ఆట డిగ్రీ అయ్యేసరికి ఫలితమివ్వకపోతే ఆ తలుపు మూసుకుపోతుంది. బలరామ్ ఆట ఆగిన వయసుకంటే ముందే! ఆ 10 మార్కులు చిన్నవిగా కనిపిస్తాయి కానీ, ఒకే టోర్నీ ఆడిన ఇద్దరి మధ్య తేడా తెచ్చేది చాలాసార్లు అవే. ‘ఆటలో ఉన్నాం కదా, డిగ్రీ ఎట్లో అయితాది’ అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

కోటా ఉద్యోగం ఇస్తుంది, కానీ ఉద్యోగం రాకముందు తగిలిన గాయాలకు అది పూచీ పడదు. కాలేజీ టోర్నీలో, ఊరి కబడ్డీ పోటీలో లిగమెంట్ తెగితే ఆపరేషన్ ఖర్చు ఎవరిది? చాలా సందర్భాల్లో నాన్నదే. కేంద్రంలో 1982 నుంచి క్రీడాకారుల సంక్షేమ నిధి ఉంది, ఇప్పుడు పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరుతో నడుస్తోంది. పేరున్న క్రీడాకారులు ఆర్థిక ఇబ్బందుల్లో ఉంటే రూ.5 లక్షల వరకు, సాధనలో లేదా పోటీలో గాయపడితే రూ.10 లక్షల వరకు సాయం అందించే వీలుంది. చనిపోయినవారి కుటుంబాలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. అంతర్జాతీయ పతకాలు గెలిచినవారికి నెలవారీ పింఛను పథకం వేరే ఉంది. కానీ ఈ పథకాలు పెద్ద స్థాయికి చేరినవాళ్లను చూస్తాయి. 1956 జట్టులాగా నాలుగో స్థానంలో ఆగిపోతే పతకాల జాబితాలో చోటుండదు. జిల్లా స్థాయిలో ఆడే మీ సంగతి మీరే చూసుకోవాలి.

మన జిల్లా అమ్మాయి చూపిన దారి

ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి ఒలింపిక్స్ దాకా వెళ్లిన హాకీ గోల్‌కీపర్ ఇ.రజని మనందరికీ తెలిసిన పేరు. 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత మహిళల జట్టుకు ఆమె రిజర్వ్ గోల్‌కీపర్. 36 ఏళ్ల తర్వాత మన మహిళా హాకీ జట్టు ఒలింపిక్స్ ఆడింది అప్పుడే. 2021లో టోక్యో జట్టుతోనూ వెళ్లింది.

ఆమె ఎంచుకున్న స్థానం గోల్‌కీపర్. తలకు హెల్మెట్, ఛాతీకి ప్యాడ్, కాళ్లకు కిక్కర్లు లేకుండా ఎవరూ ఆ చోట నిలబడరు. అక్కడ రక్షణ సామగ్రి కూడా ఆటలో భాగమే, దాన్ని ఎవరూ తక్కువగా చూడరు. మన దగ్గర కబడ్డీ, వాలీబాల్, ఖోఖో ఆడేవాళ్లు మాత్రం మోకాలి క్యాప్ కొనడానికి కూడా వెనకాడతారు. సంక్రాంతి టోర్నీల్లో గట్టి నేల మీద కబడ్డీ ఆడి మెడ పట్టేసినా ‘జండూబామ్ రాస్తే పోతాది’ అంటారు. ఉద్యోగం కోసం ఆడుతున్నప్పుడు మీ శరీరమే మీ పెట్టుబడి. దానికి కాపలా పెట్టడం కూడా సాధనలో భాగమే అనుకోండి.

ఈ వారమే చేయాల్సినవి

కెరియర్ ప్లాన్ అంటే పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. కింది పనుల్లో చాలావాటికి ఒక్క వారం చాలు.

1. సర్టిఫికెట్ల ఫైలు: కేంద్ర ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకు పోటీ స్థాయిని బట్టి వేర్వేరు ఫారాలున్నాయి. అంతర్జాతీయ పోటీలకు ఫారం 1, జాతీయ పోటీలకు ఫారం 2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం 3, పాఠశాల క్రీడలకు ఫారం 4. ఆడిన వెంటనే సంబంధిత అధికారి సంతకంతో తీసుకోండి. ఐదేళ్ల తర్వాత వెళ్తే సంతకం పెట్టాల్సినవారు బదిలీ అయిపోయి ఉంటారు. గుర్తింపు లేని ప్రైవేటు టోర్నీల సర్టిఫికెట్లు గోడకు తగిలించుకోవడానికే పనికొస్తాయి, కాబట్టి ఆడేముందే గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి.

2. రూ.20 బీమా: ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి రూ.20 కడితే ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి రూ.2 లక్షలు వస్తాయి. 18 ఏళ్లు నిండి బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ఏ కారణంతో మరణించినా వర్తించే జీవనజ్యోతి బీమాకు ఏడాదికి రూ.436. రెండూ మీ బ్యాంకులోనే తీసుకోవచ్చు. ఆట గాయాల ఆసుపత్రి ఖర్చు వీటిలో రాదు, దానికి వైద్య బీమా వేరేగా చూసుకోవాలి.

3. రెండో అర్హత: ఆడుతూనే ఆటకు దగ్గరగా ఉండే మరో పని నేర్చుకోండి. వ్యాయామ ఉపాధ్యాయుడు కావాలంటే బీపీఈడీ. కోచ్ కావాలంటే పటియాలా ఎన్‌ఐఎస్ డిప్లొమా, అంత సమయం లేదంటే అక్కడే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు. రిఫరీ పరీక్షలు ఆయా క్రీడా సంఘాలు పెడతాయి. ఇంటర్ బైపీసీ వాళ్లకు ఫిజియోథెరపీ మంచి దారి, ఆ కోర్సు తిరుపతి స్విమ్స్‌లోనే ఉంది.

4. డిగ్రీ బ్యాక్‌లాగులు: ట్రయల్స్ కోసం పరీక్షలు వదిలేసి ఉంటే ముందు వాటిని పూర్తిచేయండి. గాయం తగిలిన రోజున పక్కన నిలబడేది ఆ డిగ్రీనే. గ్రూప్స్, బ్యాంకు, ఎస్సెస్సీ.. ఏ తలుపు తట్టాలన్నా అదే కావాలి.

5. రోడ్డు మీద పరుగు: వీలైనంతవరకు మైదానంలోనే పరిగెత్తండి. రోడ్డు తప్పనిసరైతే వాహనాలకు ఎదురుగా ఉండే వైపున, లేత రంగు బట్టలతో వెళ్లండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

6. ఇంట్లో మాట: ఏ ఆసుపత్రికి వెళ్లాలి, బీమా కాగితాలు ఎక్కడున్నాయి, ఎవరికి ఫోన్ చేయాలి.. ఇవి అమ్మానాన్నలకు చెప్పి ఉంచండి. ఇబ్బందిగా అనిపించే మాటే. అయినా ఒకసారి చెప్పేస్తే సరిపోతుంది.

చివరగా..

మళ్లీ బలరామ్ దగ్గరకే వద్దాం. 1963లో ఆయనకు జబ్బు వచ్చినప్పుడు చేతిలో ఒలింపిక్ అనుభవం ఉంది, ఆసియా స్వర్ణం ఉంది, అర్జున ఉంది. కానీ ఆ తర్వాతి 60 ఏళ్లు గడవడానికి రైల్వే కొలువు, కోచింగ్ చేసే నేర్పు కావాల్సి వచ్చాయి. హకీంకు పతకం లేదు. అయినా చివరి వరకు ఆటలోనే పని దొరికింది. రహీం చేతిలో పెరిగిన పిల్లలు దేశానికి ఆడారు.

రేపు ఉదయం మైదానంలో పరుగు పూర్తయ్యాక, చెమట తుడుచుకుంటూ పక్కనున్న అన్నను నోటిఫికేషన్ సంగతి అడగండి. దాంతో పాటు ఈ మాట కూడా అడగండి: ‘అన్నా, ఆట ఆగిపోతే నువ్వేం చేస్తావు?’ ఇద్దరి దగ్గరా జవాబు లేకపోతే కంగారు పడొద్దు. మీ వయసు ఇంకా 20, 22 దగ్గరే ఉంది. జవాబు తయారుచేసుకోవడానికి సమయముంది. ఆ పని మాత్రం గాయం అయ్యేదాకా వాయిదా వేయొద్దు.